జీర్ణవస్త్రోద్ధరణము

స్టాక్‌హోం నగరమున ఆర్టూర్ హాజెలియస్ 1873లో స్థాపించిన నార్డిస్కా మ్యూజియమునందును, స్వీడను దేశపు పల్లెసీమలందలి చిన్నచిన్న సంగ్రహాలయములందును, పదునెనిమిదవ శతాబ్దినాటి పూలయద్దకపు నూలువస్త్రములు ముక్కలు ముక్కలుగా నిలిచియున్నవి. ఒకటి శిశువు టోపీకి లోపల వేసిన గుడ్డ, ఒకటి రైతుభార్య ఆదివారమున చర్చికి తొడిగికొని పోయిన రవిక, ఒకటి అతుకుల దుప్పటిలో అరచేతిమేర మిగిలిన చదరము. కట్టూన్ అని ఆ దేశమువారు పిలుచు నీ వస్త్రములను, తమ గ్రామపు పూర్వవేషమును మరల ధరింపగోరు వారికొరకును, ప్రాచీనగృహములను పూర్వరూపమున నిలుపగోరు వారికొరకును, నేడు మరల అద్దించి అమ్ముచున్నారు. మిగిలిన ముక్కలోని దారములను లెక్కించి, ఏ పువ్వు ఎంతదూరమున కొకసారి తిరిగి వచ్చుచున్నదో కొలిచి, రంగులను పోల్చి చూచి, క్రొత్తవస్త్రముపై ఆ పూలతీగనే మరల ప్రాకించుచున్నారు. ఇది శిల్పమునకును వ్యాపారమునకును చెందిన విషయమని తోచవచ్చును. కాని దీనియం దొక తాత్త్వికప్రశ్న యిమిడియున్నది, ఆ ప్రశ్నయు మన దర్శనకారులకు మిక్కిలి పరిచితమైనదే. ఈ క్రొత్తవస్త్రము ఆ పాతవస్త్రమేనా? కానిచో, దానిని ధరించినవారు తమ పూర్వులతో చెప్పుకొను సంబంధము సత్యమా, భ్రమయా?

కాదని యొక్కమాటలో తేల్చివేయువారు గలరు. పాతదానికి కాలమిచ్చిన గౌరవమును క్రొత్తది యెరవు తెచ్చుకొనుచున్నదనియు, అది యెంత నేర్పుతో చేయబడినను అసత్యమే యనియు వారి యాక్షేపము. గ్రీసుదేశపు ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథము చివరిభాగమున, వడ్రంగి చేసిన మంచమే ఒక నీడయనియు, చిత్రకారుడు వ్రాసిన మంచము ఆ నీడకు నీడయనియు నిరూపింపబూనెను. ఆ లెక్కన చూచినచో, తోటలోని పువ్వునకు వస్త్రముపై పువ్వు ప్రతిబింబము, దానికి నేటి యద్దకము ప్రతిబింబమునకు ప్రతిబింబము కావలెను. మరియొకవైపున, మధ్యవేసవి పండుగనాడు తన గ్రామపు పూలరవిక తొడిగి నిలుచున్న స్త్రీ, మా ముత్తవ్వ తొడిగిన బట్ట యిదేయని సంకోచము లేక పలుకును. ఆ పలుకును అబద్ధమని త్రోసివేయుటకు నా మనస్సొప్పదు. నిజమని యూరకొనుటకు బుద్ధి యొప్పదు. కావున ఈ విషయమును కొంత నిదానముగా విచారింపవలసియున్నది.

ప్రతికృతి చేయువాడు మొట్టమొదట నెదుర్కొను చిక్కు వర్ణమును గూర్చినది. నాటి యద్దకపువారు ఆకుపచ్చను ఒక్క రంగుగా వేయుట లేదు. నీలిపై పసుపువన్నె పూసి పచ్చదనమును సాధించుచుండిరి. నీలి శతాబ్దములు నిలుచునది. మొక్కలనుండి తీసిన పసుపువన్నె వెలుతురునకు తాళజాలనిది. అందువలన నేడు సంగ్రహాలయములందలి ఆ పూలతీగల ఆకులు చాలచోట్ల నీలముగా గానవచ్చును. చూపరులు ఆ నీలాకులనే నాటివారి కల్పనయని మెచ్చుకొందురు. కుట్టును విప్పక, మడతను మెల్లగా తొలగించి, వెలుతురు సోకని లోపలి యంచును చూచినప్పుడు మాత్రమే, పూర్వపు పచ్చదనపు జాడ కనబడును. ఇప్పుడు క్రొత్తవస్త్రముపై ఆకులు ఏ రంగున నుండవలెను? పచ్చగా వేసినచో, మూలఖండమును చూచియున్నవారు ఇది దానివలె లేదందురు. నీలముగా వేసినచో, ఏ యద్దకపువాడును ఎన్నడును సంకల్పింపని వస్త్రమును పూర్వవస్త్రమని చెప్పినట్లగును. నలుపు సంగతి ఇంకను విషమము. పువ్వుచుట్టు గీచిన ఆ సన్ననిరేఖ యినుపనీటివలన పుట్టినది; ఆ రేఖకు ప్రాణమిచ్చిన యినుమే కాలక్రమమున నూలును తినివేయును. కావుననే కొన్ని ఖండములందు పువ్వు నిలిచి, దాని హద్దురేఖ యున్నచోట సన్నని చీలిక మాత్రము మిగిలియుండును. ఆ చీలికను ఎవరును అనుకరింపరు. మరి అచ్చుదిమ్మ ఒక వెంట్రుకవాసి జరిగినందున ఎరుపు తన హద్దును దాటి ప్రక్కకు పొరలిన చోట? కొందరు దానిని సరిదిద్దుదురు. కొందరు, ఆ జరుగుటయందే చేతిపని జీవమున్నదని, యంత్రముచేత కూడ ఆ తప్పును శ్రద్ధతో చేయింతురు.

వీనికంటె గూఢమైన సంకటము, ఖండము చిన్నదై పూలతీగ మధ్యలో తెగిపోయినప్పుడు కలుగును. తీగ యెటు వంగి తిరిగి మొదలునకు వచ్చుచుండెనో చెప్పుటకు ఆ ముక్కలో సాక్ష్యముండదు. అప్పుడు సమకాలికములైన యితర ఖండములను పరిశీలించి, ఆ శిల్పులకు అభ్యస్తమైన మార్గమును మనస్సున నిలుపుకొని, లేని భాగమును ఊహింపవలెను. లుప్తమైన పద్యపాదమును పూరించు పండితుడు చేయుపని యిదియే. పైగా, పూర్వపు మగ్గము నేసిన వస్త్రము వెడల్పు తక్కువ, నేటి మగ్గపు వెడల్పు ఎక్కువ. అందువలన రవికపై ఒక పువ్వు భుజమున పడవలసినది నేడు మరియొకచోట పడును. ఇన్ని నిర్ణయములు జరిగిన పిమ్మట వెలువడిన వస్త్రమును చూచి, ఇది పాతదాని ప్రతి యని మనము తేలికగా ననుచున్నాము. ఏ పాతదానికి? అద్దకపువాని సాలనుండి వెలువడిన దినమున మెరయుచున్న వస్త్రమునకా, నలువదియేండ్లు ఉతుకబడి మెత్తనై ధరించినవారి మేనికి అలవడిన వస్త్రమునకా, నేడు గాజుపెట్టెలో చీకటియందుంచబడిన వస్త్రమునకా? ఈ మూటియందు దేనిని వస్త్రమని పిలువవలెనో తేల్చనిదే, ప్రతి యనుమాటకు అర్థమే కుదురదు.

వస్త్రమును గూర్చి ఇట్టి ప్రశ్న వేయుటకు మనకు సిగ్గుపడవలసిన పనిలేదు. మన తార్కికులు తంతువును పటమును ముందుంచుకొనియే కార్యకారణవిచారమంతయు నడపిరి. నైయాయికుని మతమున పటము తంతువులకంటె వేరైన యొక క్రొత్తద్రవ్యము; తంతువులయందు సమవాయసంబంధముచే నుండును. ఒక్క తంతువు తొలగినను పూర్వపటము నశించి ఖండపటమను మరియొక ద్రవ్యము పుట్టునని ఆతడు నిర్భయముగా చెప్పెను. ఈ మాటను స్వీడనులోని గాజుపెట్టె ముందు నిలిచి తలచుకొన్నచో దాని పదును తెలియును. రైతుభార్య తొడిగిన రవిక నశించినది. దానినుండి కత్తిరింపబడి దుప్పటియం దతుకబడినది వేరొక పటము. ఆ దుప్పటి చిరిగిన పిమ్మట మిగిలినది ఇంకొక పటము. మనము మూలమని భక్తితో భద్రపరచుకొన్నదియు, తర్కదృష్టిచే, మూలము కాదు. ప్రతికృతిని అనాదరించి మూలఖండమునే పట్టుకొని కూర్చుండువారికి ఈ శాస్త్రమున తోడ్పాటు దొరకదు.

వేదాంతి మరొకవిధముగా చెప్పును. బ్రహ్మసూత్రములందు చుట్టిన వస్త్రమును, పరచిన వస్త్రమును దృష్టాంతముగా గ్రహించిన సూత్ర మొకటి కలదు. చుట్టియున్నప్పుడు వెడల్పు పొడవులు తెలియకున్నను, పరచినప్పుడు వేరొక వస్త్రము పుట్టలేదు గదా యని దాని తాత్పర్యము. పటము తంతువులకంటె వేరు కాదు, తంతువు దూదికంటె వేరు కాదు. నామరూపములు వాక్కు నాశ్రయించి నిలిచినవి మాత్రమే. ఈ సిద్ధాంతమునకు నేను శిరస్సు వంచుదును. అయినను, ఇక్కడి సంకటమున కిది సమాధానము కాదు. మనము ప్రస్తావించుచున్న శిల్పులు నిలుపగోరుచున్నది దూదిని కాదు, ఆ నామరూపములనే. నూలు క్రొత్తది, నీరు క్రొత్తది, రంగు చాలమట్టుకు రసాయనశాలలో పుట్టినది. పాతది రూపము ఒక్కటియే. ఏది మిథ్యయని వేదాంతి వదలివేయునో దానినే వీరు సర్వస్వముగా పట్టుకొనిరి. జీర్ణవస్త్రములను విడిచి నూతనవస్త్రములను గైకొను దేహిని గూర్చిన గీతావాక్యము ఈ సందర్భమున ఎల్లరకును జ్ఞప్తికి వచ్చును గాని, దానిని కూడ ఇచ్చట వాడుకొనరాదు. అక్కడ వస్త్రము దృష్టాంతము, దేహి చేతనుడు. తాను విడిచినదియు గైకొన్నదియు తానెరిగినవాడు. పూలతీగకు తానొక వస్త్రమును విడిచి వేరొకదానిని జేరితినన్న యెరుక లేదు.

ఇక బౌద్ధుడు అందరికంటె కఠినుడు. కత్తిరించిన పిమ్మట మరల పెరిగిన వెంట్రుకలను చూచి, ఇవి ఆ వెంట్రుకలే యని జనులు తలచుట సాదృశ్యమువలన కలిగిన భ్రాంతి యని ఆతని వాదము. ముత్తవ్వ బట్ట యిదేయని పలికిన ఆ స్త్రీకి ఆతడు చెప్పు సమాధానమును మనము ఊహింపవచ్చును. దానిని సులభముగా త్రోసివేయలేము; వస్తువునకు వస్తువు పోలియుండుట వేరు, వస్తువు అదియే యగుట వేరు. కాని ఆతని వాదము వస్తుపరీక్షయం దెంత గెలిచినను, ఆ స్త్రీ మాటయందలి మరియొక యర్థమును తాకలేదని నాకు దోచుచున్నది. ఆ యర్థమును బయటికి తీయుటకు ముందు, ఆ పువ్వు ఆమె గ్రామమునకు ఎట్లు చేరెనో తెలిసికొనవలెను.

స్వీడను నేల ప్రత్తి పండునది కాదు. పూలయద్దకపు విద్యయు అక్కడ పుట్టినది కాదు. పదునేడవ శతాబ్దమున ఐరోపావారిని మోహపెట్టిన ఉతికినను చెడని ఎరుపునీలముల నూలువస్త్రములు మన కోరమండల తీరమునందు, మచిలీపట్టణమునుండి దక్షిణమున తమిళసీమవరకు, చేతికలముతోను అచ్చుతోను తయారగుచుండెను. వస్త్రమునకు కరక్కాయరసమును పాలను పట్టించి, ఇనుపనీటితో నల్లరేఖ గీచి, పటికనీటితో ఎరుపు పట్టవలసిన చోటులు వ్రాసి, చిరివేరు కాగులో మరిగించి, నీలిసోకరాని చోటులను మైనముతో మూసి, నీలితొట్టిలో ముంచి, తుదకు పసుపువన్నెతో ముగించునంతటి దీర్ఘమైన పని యది. కృష్ణాతీరపు ఇసుకనేలలందు, ముఖ్యముగా నిజాంపట్నపు ప్రాంతమున, పెరిగిన చిరివేరు ఇచ్చు ఎరుపును గూర్చి పరదేశపు వర్తకులు ప్రశంసించి వ్రాసికొనిరి. ఈ వస్త్రములు డచ్చి, ఆంగ్లేయ, డేనిష్ ఓడలపై ఐరోపా చేరెను. దేశీయమైన ఉన్నిపట్టుల పరిశ్రమలు చెడుచున్నవని ఫ్రాన్సుదేశము 1686 మొదలు 1759 వరకు వానిని నిషేధించెను. స్వీడను ప్రభుత్వమును పదునెనిమిదవ శతాబ్దమున విదేశాడంబరములపై శాసనములను పలుమార్లు చేసెను. ఐనను కోరిక చావలేదు. 1731లో స్థాపింపబడిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ తన తొలియోడలలో ఒకదానిని, ఉల్రికా ఎలియొనోరా రాణి పేరిటిదానిని, 1733లో మన తూర్పుతీరమందలి పరంగిపేటకు పంపి అక్కడ కొఠారు తెరచెను. ఆ యేడే ఆంగ్లేయులును ఫ్రెంచివారును కలిసి ఆ కొఠారుపై బడి సరకులను పట్టుకొనిరి. ఆ పిమ్మట ఆ కంపెనీ యోడలు ముఖ్యముగా చీనాదేశపు కాంటను రేవునకే నడచినవి. వస్త్రము రాక కష్టమైనచోట అనుకరణము పుట్టుట సహజము. ఆ శతాబ్దము రెండవపాదము నాటికే స్టాక్‌హోం చెంత సిక్లా మొదలగు చోటుల అచ్చుదిమ్మలతో నూలుపై పూలను అద్దు కర్మాగారములు వెలసెను. నేడు పునరుద్ధరింపబడుచున్న స్వీడిష్ పూలవస్త్రములనేకము ఈ అనుకరణసంతానములోనివే.

అంతటితో ఆగక, ఇంకొక మెట్టు దిగి చూడుడు. కోరమండలపు పూలతీగయు కలగూరయే. పారసీకపు చెట్టు, చీనాదేశపు శిలలు, దక్కను సుల్తానుల కొలువులందలి చిత్రకారుల పువ్వులు దానియందు కలిసినవి. ఐరోపా వర్తకులు తమ దేశపు నమూనాలను పంపి వ్రాయించిరి. 1643లోనే లండనులోని ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ యధికారులు పశ్చిమతీరపు సూరతునకు వ్రాయుచు, ఎరుపునేల తగ్గించి తెల్లనినేలపై పూలను కొమ్మలను నిలుపవలసినదని కోరిరి. మన శిల్పులు ఆ నమూనాలను తమ చేతివాటమునకు త్రిప్పి వ్రాసిరి. ఆ త్రిప్పినదానిని స్వీడను శిల్పులు పొరుగు దేశములవారి యచ్చుల మీదుగా మరల త్రిప్పిరి. ఇందులో మొదటి పువ్వు ఏది? బీజాంకురన్యాయమున ఎంత వెనుకకు పోయినను మరియొక పువ్వే గనబడును. ప్లేటో చెప్పిన మెట్లు ఇక్కడ నిలువవు. నీడకు నీడయని చెప్పుటకు నీడ కాని మొదటిది దొరకవలెను గదా.

ఈ పరంపరయందు నాకు మిక్కిలి ప్రియమైన యొక సంగతి గలదు. 1741లో ఓలాండ్, గాట్లాండ్ దీవులకు ప్రయాణమైనప్పుడు స్వీడను వృక్షశాస్త్రజ్ఞుడైన లిన్నేయస్ పండితునకు అప్పగింపబడిన పనులలో, దేశమునకు ఉపయోగపడు రంగుమొక్కలను వెదకుటయు నొకటి. విదేశములకు పోవు ధనమును అరికట్టవలెనని ఆనాటి పాలకుల కోరిక. ఆయన మన దేశమున నెన్నడు నడుగుపెట్టలేదు. ఐనను 1753లో వెలువడిన తన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథమున మన చిరివేరును చేర్చి, ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా యని దానికి శాస్త్రనామమును పెట్టెను. కృష్ణాతీరమున స్త్రీపురుషులు త్రవ్వి తీసిన వేరునకు ఉప్సాలాలో పేరు పెట్టబడినది. ఆ వేరిచ్చిన ఎరుపును చూచి నేర్చిన ఎరుపు స్వీడను పల్లెలందు పూచినది. త్రవ్వినవారి పేరు ఒక్కటియు మనకు మిగులలేదు.

మతాచారములనుండి ఈ ప్రశ్నకు సమాధానము దొరకునేమో చూతము. ఆగమములందు జీర్ణోద్ధారణవిధి కలదు. విగ్రహము భిన్నమైనప్పుడు కళాకర్షణముచే దైవశక్తిని కలశమునకు దింపి, బాలాలయమున నిలిపి, నూతనవిగ్రహమునందు మరల ప్రతిష్ఠించెదరు. పూరీక్షేత్రమున నవకళేబరోత్సవమునాడు, ఇటీవల 2015లో జరిగినట్లు, వేపదారువుతో క్రొత్తమూర్తులను చెక్కి బ్రహ్మపదార్థమును పాతమూర్తులనుండి వానికి మార్చెదరు. భక్తునకు స్వామి మారలేదు. స్వీడను గ్రామములందును వస్త్రమునకు ఇట్టి పావిత్ర్యము కొంత సంక్రమించినదే. దాలార్నా మండలమందలి లెక్సాండ్ గ్రామమున, చర్చి సంవత్సరమందలి ఏ పండుగకు ఏ వేషము, ఏ ఏప్రను అనునది వాడుకచే నిర్ణీతమైయుండెను. అక్కడ వస్త్రము దేహాచ్ఛాదనము మాత్రమే కాదు, పంచాంగము వంటిది. ఆ దేశపు మహాధ్యాత్మికుడు ఇమాన్యుయేల్ స్వీడన్‌బోర్గ్ 1758లో ప్రకటించిన తన స్వర్గనరకముల గ్రంథమున దేవదూతల వస్త్రములను గూర్చి ప్రత్యేకప్రకరణమునే వ్రాసెను. వారి వారి ప్రజ్ఞకు అనురూపముగా వస్త్రములు అమరుననియు, అవి కేవలము తోపులు కాక నిజముగా వస్త్రములే యనియు ఆయన నమ్మకము. ఇవన్నియు రమణీయములు. కాని జీర్ణోద్ధారణోపమానమును తుదివరకు లాగుట తగదని నా తలంపు. దైవము సంకల్పమునకు ప్రసన్నమై క్రొత్తమూర్తియందు దిగివచ్చునని భక్తుని విశ్వాసము. గతించిన కాలమునకు అట్టి కరుణ లేదు. ముత్తవ్వ చెమట, ఆమె శోకము, ఆమె శిశువు పాలమరక, ఇవి ఏ మంత్రముచేతను క్రొత్తవస్త్రములోనికి ఆకర్షింపబడవు.

నా కంటికి సమాధానము మీమాంసకుల కడ నున్నది. గకారమును నూరుగురు పలికినను నూరు గకారములు లేవు. గకారము ఒక్కటియే, నోళ్లు దానిని అభివ్యక్తము చేయుచున్నవని వారి సిద్ధాంతము. ఈ దృష్టిచేతనే వేదము మనకు వేలయేండ్లు నిలిచినది. నేడు గోదావరీతీరమున ఒక వటువు గురుముఖమున నేర్చిన యనువాకము వేదమునకు నకలు అని ఎవరును అనరు, అది వేదమే. మొదటి ప్రతి యెక్కడ నున్నదని ఎవరును అడుగరు. అడుగవలసినది, స్వరము సరిగా నున్నదా, వర్ణలోపము కలిగినదా యని. పూలతీగయు నిట్టిదే. అది దారము కాదు, రంగు కాదు, ఒక క్రమము. దిమ్మయు కలమును యంత్రమును దానిని వ్యక్తము చేయుచున్నవి. క్రమము సరిగా నున్నచో క్రొత్తవస్త్రముపై నున్న పువ్వు నీడ కాదు, ఆ పువ్వే. ఆకులు పచ్చగా నుండవలెనా నీలముగా నుండవలెనా యను ప్రశ్నకును ఇచ్చట తీర్పు దొరకును: శిల్పి సంకల్పించి పాడిన స్వరము పచ్చనిది, వెలుతురు దానిని మ్రింగుట ఉచ్చారణకు కలిగిన లోపము. కావున పచ్చగానే వేయవలెను. దిమ్మ జరిగిన తప్పును మాత్రము బుద్ధిపూర్వకముగా అనుకరింపరాదు. గురువు దగ్గినచోట శిష్యుడు దగ్గుట అధ్యయనము కాదు.

అట్లైనచో గాజుపెట్టెలోని ఖండమునకు విలువ లేదా? సంపూర్ణముగా నున్నది, వేరొక విధమున. అది పువ్వు మాత్రమే కాదు, ఒకానొక దినమున ఒకానొక చేతులు తాకిన వ్యక్తి. ఆ వ్యక్తి మరల పుట్టదు. వస్త్రమునందు ఈ రెండును కలిసియున్నవి: పునరుక్తికి లొంగు క్రమమును, పునరుక్తికి లొంగని జీవితమును. క్రొత్తవస్త్రము మొదటిదానిని పూర్తిగా కలిగియుండును, రెండవదానిని లేశమును కలిగియుండదు. ఆ స్త్రీ, ఇది ముత్తవ్వ పువ్వే యన్నచో సత్యము పలికినది. ముత్తవ్వ తొడిగిన రవికయే యని అమ్మజూపిన వర్తకుడు మోసగాడు. బౌద్ధుని ఖడ్గము ఈ రెండవవానిపై పడుట న్యాయము. రసాయనపు రంగులను గూర్చియు నా యభిప్రాయమిట్లే. 1868లో గ్రేబె, లీబెర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు మంజిష్ఠజాతి వేళ్లలోని ఎరుపు పదార్థమైన అలిజరినును రసాయనశాలయందు నిర్మించిన పిమ్మట, చిరివేరు త్రవ్వువారికి పని పోయినది; మన మచిలీపట్టణపు అద్దకమందును ఆ అలిజరినే ప్రవేశించినది. దానివలన పువ్వు మైలపడలేదు. చిరివేరుతో అద్దినదని చెప్పి అలిజరినుతో అద్దినది అమ్మినప్పుడే మైలపడును.

వేదముతో పోల్చిన ఈ మాటయందు ఒక్క భేదమును దాచరాదు. వేదము అపౌరుషేయమని మీమాంసకుని మతము. కర్త లేడు గనుక కర్తకు ఋణపడుట లేదు. పువ్వు పౌరుషేయము. మచిలీపట్టణమున కాగులముందు నిలిచినవారును, సిక్లాలో దిమ్మను మోదినవారును పేరు లేనివారు కారు. వారి పేరు వ్రాసికొనువారు లేకపోయిరి. స్వభావముచే కర్తృరహితమగుట వేరు, ఇతరుల యుపేక్షచే కర్తృరహితమగుట వేరు. కర్త లేని వేదమునకు సైతము ఉపనిషత్తులు గురుపరంపరను వదలలేదు. బృహదారణ్యకమున ఎవరివలన ఎవరు నేర్చిరో వంశక్రమమున పేర్లన్నియు వరుసగా చెప్పబడినవి. చదువరులు ఆ పట్టికలను శుష్కములని దాటిపోవుదురు గాని, విద్యకు అవి ఆభరణములు. కర్త గల పువ్వునకు అవి ఇంకను ఆవశ్యకములు. ఉప్సాలా విశ్వవిద్యాలయమున 1741లో అర్థశాస్త్రాచార్యుడైన అండెర్స్ బెర్ఖ్ తన విద్యార్థులకు చూపుటకై వస్త్రపు నమూనాలను సేకరించి, కాగితములపై అతికించి భద్రపరచెను. ఆ సంగ్రహము నేడు నార్డిస్కా మ్యూజియమునందే యున్నది. వర్తకవిద్యకొరకు చేసిన ఆ పని, నేటి పునరుద్ధారకులకు ప్రమాణగ్రంథమైనది. వస్త్రము ప్రక్కన నాలుగు మాటలు వ్రాసియుంచుట ఎంత పుణ్యకార్యమో దానివలన తెలియుచున్నది.

కావున స్వీడనులో గాని, పెడనలో గాని, శ్రీకాళహస్తిలో గాని, పూర్వపు పువ్వును మరల పూయించు శిల్పులకును వర్తకులకును నా విన్నపమిది. క్రొత్తవస్త్రపు అంచున గాని, దానితోకూడ నిచ్చు కాగితమున గాని, దాని వంశమును వ్రాయుడు: మూలఖండ మెచ్చట నున్నది, ఏది ఉన్నది ఉన్నట్లు తీసికొంటిరి, ఏది ఊహించి పూరించితిరి, ఏ రంగులు వాడితిరి, ఈ యద్దకము ఏ సంవత్సరమున జరిగినది. స్వీడిష్ పువ్వునకు వెనుక కోరమండలపు పువ్వు ఉన్నచోట ఆ తీరము పేరును వ్రాయుడు; శిల్పుల పేర్లు దొరకకున్నచో, పేర్లు నిలువలేదని వ్రాయుడు. నేడు మీ సాలలో దిమ్మ పట్టుకొన్నవారి పేర్లు మాత్రము మీకు తెలియును గదా. వానిని తప్పక వ్రాయుడు.